భారీగా తగ్గిన బంగారం ధర.. ఎంతో తెలిస్తే షాకే!

తెలుగు పాఠకుడికి రోజూ పొద్దున్నే షాక్ కొడుతోంది. ఇందులో డిస్కంల తప్పేమీ లేదు. ఫోన్ తెరిస్తే చాలు, ఒక హీరోయిన్ షాకిచ్చిందంటారు, ఒక బ్యాంకు షాకిచ్చిందంటారు, వాతావరణ శాఖ బిగ్ షాక్ ఇచ్చిందంటారు. షాక్ లేని రోజున మైండ్ బ్లాక్ అవుతుంది. అదీ కాకపోతే దిమ్మ తిరుగుతుంది. ఇన్ని తగిలినా జనం నిక్షేపంగా టీ తాగి ఆఫీసులకు వెళ్తున్నారంటే మనవాళ్ల గుండె గట్టిదైనా అయి ఉండాలి, ఆ షాకుల్లో కరెంటైనా లేకపోయి ఉండాలి.

కరెంటు లేని షాకుల తయారీకి ఒక శాస్త్రం ఉంది. దానికి గురువులున్నారు, అమీర్‌పేటలో కోచింగులున్నాయి, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. శాస్త్రసారం ఇది: ఆర్టికల్ హెడ్డింగ్‌లో గూగుల్‌కు కావలసిన కీవర్డ్ ఉండాలి, మనిషి వేలిని లాగే మసాలా కూడా ఉండాలి. కీవర్డ్ ఎక్కువైతే మనిషి రాడు, మసాలా ఎక్కువైతే గూగుల్ రాదు. కాబట్టి రెండింటినీ సమతూకంలో పెట్టాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! తక్కెడలో ఒక పళ్లెంలో కీవర్డ్, రెండో పళ్లెంలో మసాలా. ముల్లు నిటారుగా నిలబడుతుంది. తూకం బ్రహ్మాండం. మరి సరుకేది? రెండు పళ్లాల్లోనూ రాళ్లే పెట్టి తూచేవాణ్ని సంతలో ఏమంటారో ఇక్కడ రాయకూడదు. ఆన్‌లైన్‌లో మాత్రం ఎస్ఈవో ఎక్స్‌పర్ట్ అంటారు.

ఈ వ్యాసానికి నేను తగిలించిన శీర్షికనే తీసుకోండి. శాస్త్రోక్తంగా ఉంది. 'బంగారం ధర' కీవర్డ్. 'భారీగా', 'షాకే' మసాలా. మధ్యలో రెండు చుక్కలు. మూడు కాదు, రెండే. వెబ్ సంప్రదాయం అది. 'ఎంతో తెలిస్తే' అన్నది గాలం. ఎంతో మాత్రం చెప్పకూడదు. చెబితే కొంప మునుగుతుంది.

ఇలాంటిదొకటి కనబడగానే నొక్కి చూడండి. ముందు తెర నిండా ఒక ప్రకటన పరుచుకుంటుంది. దాని మూలన కనీకనపడని ఇంటూ గుర్తు. గురి తప్పితే ఏదో వెంచర్‌లో ప్లాట్లు చూస్తూ తేలతారు. గురి కుదిరితే మొదటి పేరా: బంగారం అంటే ఇష్టపడని మహిళలు ఉండరు, పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కొనుగోళ్లు జోరందుకుంటాయి. ఎవరికి చెబుతున్నారిది? రేపు కూతురికి హారం కొనబోతూ ధర కోసం వెతికిన మనిషికి, ఆడవాళ్లకు బంగారం ఇష్టమని పాఠం! రెండో పేరా: అంతర్జాతీయ పరిణామాలు, డాలర్ విలువ, దిగుమతి సుంకాలు తదితర అంశాలు పసిడి ధరను ప్రభావితం చేస్తాయి. ఈ వాక్యం నిన్నా నిజమే, వచ్చే సంక్రాంతికీ నిజమే. మూడో పేరా: ఈ నేపథ్యంలో నేడు బంగారం ధర ఎలా ఉందో తెలుసుకుందాం. నాయనా, మేం వచ్చిందే అందుకు! నాలుగో పేరాలో, మరో రెండు ప్రకటనలు దాటాక, అసలు విషయం బయటపడుతుంది. పది గ్రాముల 22 క్యారెట్ల బంగారం మీద తగ్గింది 10 రూపాయలు. అదే భారీ. ఒప్పుకోవాలి, ఈసారి నిజంగానే షాక్ తగులుతుంది.

అక్కడితో అయిపోదు. హైదరాబాద్‌లో బంగారం ధర ఇంత, విజయవాడలో బంగారం ధర ఇంత, విశాఖపట్నంలో బంగారం ధర ఇంత, వరంగల్‌లో బంగారం ధర ఇంత అని ఊరికో లైను. అన్ని ఊళ్లలోనూ ఒకటే అంకె. తెలుగు రాష్ట్రాల్లో ధర ఇంత అంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. కానీ విశాఖవాడు విశాఖ పేరు కొట్టి వెతుకుతాడు కదా, అతన్ని ఊరికే పోనిస్తారా? ఇంకో తమాషా, 'హైదరాబాద్' పక్కన 'లో'ను అంటించకుండా కాస్త దూరంగా కూర్చోబెడతారు. అంటిస్తే గూగుల్‌కు ఊరు తెలియదట. ఆ గూగుల్‌కు హైదరాబాద్‌లో పెద్ద క్యాంపస్సే ఉంది. ఊరు తెలియకుండానే కట్టారు కాబోలు.

చివరి లైను అన్నిటికన్నా గొప్పది: ఇవి ఉదయం నమోదైన ధరలు, కొనేముందు ఒకసారి దుకాణంలో కనుక్కోండి. ఇంతసేపు చదివించి నగల షాపుకు ఫోన్ చేసుకోమంటున్నారు. హారం కొనేవాడి జేబుకు నిజంగా చిల్లు పెట్టేవి తరుగు, మజూరీ, బంగారం విలువ మీద 3 శాతం జీఎస్టీ. వాటి గురించి ఒక్క మాట ఉండదు. ట్రెండింగ్‌లో లేని వస్తువు లోకంలో లేనట్టే.

ఈ విద్య మనం కనిపెట్టింది కాదు, అమెరికావాళ్లు వాడి పారేసింది. సెర్చ్ ఇంజిన్ల పసితనంలో తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు రాసి దాచేవారు. మనిషి కంటికి ఆనదు, యంత్రం మాత్రం చదువుకుంటుంది. ఆ తర్వాత ఆర్టికల్ మార్కెటింగ్ అనే ఉద్యమం వచ్చింది. ఏదో ఒక వ్యాసం గిలికి, ఈజైన్‌ఆర్టికల్స్ లాంటి డైరెక్టరీల్లో పడేసి, అడుగున తమ సైటుకు లింకు తగిలించుకునేవారు. వ్యాసాన్ని ఎవరూ చదవక్కర్లేదు, లింకు లెక్కలోకి వస్తే చాలు. ఒకటే వ్యాసాన్ని పది చోట్ల పెడితే దొరికిపోతామని, మాటకు మాట మార్చి తిప్పేసే సాఫ్ట్‌వేర్లు కూడా తయారయ్యాయి. పాపం, అమరసింహుడు పర్యాయపదాలు పోగేసింది ఇందుకని తెలిస్తే కోశం రాసేవాడే కాదు. వ్యాసం మొత్తంలో కీవర్డ్ ఇంత శాతం ఉండాలని లెక్కలు కట్టేవారు. పేజీ వెనకాల కనపడని చోట కీవర్డులు నింపే పెట్టె ఒకటి ఉండేది. సెర్చ్ ర్యాంకింగ్‌కు ఆ పెట్టెను తాము చూడనే చూడమని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. అయినా దాన్ని శ్రద్ధగా నింపించే మేనేజర్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. భక్తికి దేవుడి సమ్మతితో పనేముంది?

ఈ వ్యాపారం ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే డిమాండ్ మీడియా అనే అమెరికా కంపెనీ కథ చూడాలి. జనం ఏం వెతుకుతున్నారు, దాని పక్కన ప్రకటన ఎంత పలుకుతుంది అన్నది కంప్యూటర్ లెక్కగట్టి శీర్షిక ఇచ్చేది. ఎక్కడో ఒక ఫ్రీలాన్సర్ 15 డాలర్లకు ఆ శీర్షిక కింద వ్యాసం అల్లేవాడు. శీర్షిక ముందు పుట్టడం, దానికి తగ్గ విషయాన్ని తర్వాత వెతుక్కోవడం! 2011 జనవరిలో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌లోకి దిగిన రోజున దాని విలువ సుమారు 150 కోట్ల డాలర్లు. న్యూయార్క్ టైమ్స్ కంపెనీ విలువ కంటే ఎక్కువ. నెల తిరగకుండానే గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి, అమెరికాలో దాదాపు 12 శాతం సెర్చ్‌ల ఫలితాలను అటూ ఇటూ చేసేసింది. మొదటి దెబ్బ డిమాండ్ మీడియాకు తగల్లేదు, ఏప్రిల్‌లో రెండోది తగిలింది. ఆ తొలిరోజుల వెలుగు మళ్లీ రాలేదు. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మరో మార్పు వచ్చి, దొంగ లింకులు పోగేసుకున్నవాళ్ల పని కూడా పట్టింది.

అక్కడ దివాలా తీసిన దుకాణం బోర్డు ఇక్కడికి భద్రంగా చేరింది. 2018లో గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు అధికారికంగా తలుపు తీసింది. తెలుగులో రాస్తే నాలుగు డబ్బులు వస్తాయి, తెలుగు వ్యాసానికి ఇక మార్కెట్ ఉంటుంది అని సంబరపడ్డాం. మార్కెట్ వచ్చింది. వ్యాసమే దారిలో ఎక్కడో దిగిపోయింది.

మసాలా పళ్లెం కథ వేరు. దానికీ అమెరికాలో ఒక గురుపీఠం ఉంది. 2012లో పుట్టిన అప్‌వర్తీ అనే సైటులో ఒక్కో కథకు 25 శీర్షికలు రాయాలన్నది నియమం. అందులో కొన్నింటిని పాఠకులకు వేర్వేరుగా చూపించి, ఏది ఎక్కువ మంది చేత నొక్కిస్తే దాన్ని నిలిపేవారు. ఆ ప్రయోగాల చిట్టా తర్వాత పరిశోధకుల చేతికి వచ్చింది. లక్షకు పైగా శీర్షికలను జల్లెడ పట్టిన ఒక అధ్యయనం 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో అచ్చయింది. సగటు పొడవున్న శీర్షికలో ఒక్క ప్రతికూల మాట పెరిగితే క్లిక్కుల రేటు 2.3 శాతం పెరుగుతుందని తేలింది. చూడబోతే చిన్న అంకె. ఆ అంకె కోసమే మన వంటింట్లో పెరుగు విషమైంది, వంకాయ ప్రాణాంతకమైంది, అరటిపండు రాత్రిపూట తింటే 'అంతే సంగతులు' అయింది. తరతరాలుగా పెరుగన్నం తిని ఎనభై ఏళ్లు బతికిన ముసలమ్మలు ఈ సంగతి తెలియక బతికేశారు.

మసాలాలో ఇంకో రకం ప్రశ్నార్థకం. శీర్షిక చివర ప్రశ్న గుర్తు ఉంటే దానికి జవాబు 'కాదు' అని కళ్లు మూసుకుని చెప్పొచ్చని బ్రిటన్ జర్నలిస్టు ఇయాన్ బెటరిడ్జ్ 2009లో ఒక సూత్రం చెప్పాడు. తెలుగు వెబ్ డెస్కులను ఆయన చూసి ఉండడు. చూసి ఉంటే 'కాదు' అని కూడా రాదు, అసలు జవాబే రాదు అని సూత్రం సవరించేవాడు. రెండు రోజులు ముసురు పట్టిందంటే డెస్కులో జరిగే సంభాషణ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

"రేపు స్కూళ్లకు సెలవా అని అందరూ తెగ వెతుకుతున్నారమ్మా. ఒకటి వేసేయ్."

"కలెక్టర్ ఇంకా ఏమీ చెప్పలేదు కద సార్?"

"చెప్పాక అందరూ వేస్తారు. క్వశ్చన్ మార్క్ పెట్టి ఇప్పుడే వేసేయ్. ఆర్డర్ వస్తే అప్‌డేట్ కొడదాం."

"రాకపోతే సార్?"

"సెలవుపై వీడని ఉత్కంఠ అని ఇంకోటి వేద్దాం."

ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు. షిఫ్టుకు ఇన్ని ఐటమ్స్ అని టార్గెట్ ఉంటుంది, ఇన్ని వ్యూస్ అని ఇంకో టార్గెట్ ఉంటుంది. జర్నలిజం కోర్సులో ఇంట్రో ఎలా రాయాలో నేర్చుకుని వచ్చిన పిల్ల, ఇంట్రోలో విషయం రాకుండా ఎలా రాయాలో ఉద్యోగంలో నేర్చుకుంటోంది. రెండోదే కష్టం, నిజానికి.

ఈ సరదా అంతా పెరుగు దగ్గరే ఆగితే బాగుండేది. 2023 ఉగాది సమయంలో నటుడు కోట శ్రీనివాసరావు చనిపోయారని పుకారు లేపారు. ఆయన తన ఇంట్లో కూర్చుని, నేను బతికే ఉన్నానని వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి ఫోన్లు ఆగలేదని, పోలీసులు కూడా ఇంటికొచ్చారని చెప్పి, ఇలాంటివి నమ్మొద్దని జనాన్ని వేడుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఉండి, 2025 జూలైలో కన్నుమూశారు. శాస్త్రం ప్రకారం చూస్తే ఆ పుకారులో లోపం ఏముంది? పేరున్న నటుడు మంచి కీవర్డ్. 'ఇక లేరు' అన్నదాన్ని మించిన మసాలా లేదు. తూకం అద్భుతంగా కుదిరింది. బతికున్న మనిషి ఒక్కడే లెక్కలో అడ్డొచ్చాడు. ఆ అడ్డు కూడా వృథా పోదు. పుకారును ఖండించే వార్తకు మళ్లీ అదే పేరు, అదే 'మృతి', పక్కన 'క్లారిటీ' తగిలిస్తే ఇంకో విడత క్లిక్కులు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలోనైతే ఫోటోకు దండ ముందే వేసి ఉంచుతారు. మనిషి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కీవర్డ్ మీద నాకేమీ పగ లేదు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం తంతులో నిజాయతీగా ఉన్నది అదొక్కటే. కీవర్డ్ అంటే ఒక మనిషి అడిగిన ప్రశ్న. రాత్రి పదింటికి, బయట వాన కొడుతుంటే, పిల్లాడి యూనిఫాం ఇస్త్రీ చేయాలా వద్దా అని తేల్చుకోలేక ఒక తల్లి ఫోన్‌లో 'రేపు స్కూల్ ఉందా' అని కొడుతుంది. అంతకన్నా సూటి ప్రశ్న ఇంకేముంటుంది? దానికి జవాబు చేతిలో ఉన్నవాడికి తూకాల గొడవే లేదు. 'ఖమ్మం జిల్లాలో రేపు స్కూళ్లకు సెలవు: కలెక్టర్'. అయిపోయింది. అందులో గూగుల్ వెతికే మాటలన్నీ ఉన్నాయి, మనిషి వెతికే జవాబూ ఉంది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోవడం లేదు. ఎస్ఈవో కోర్సు చేయని తాలూకా విలేకరి కూడా ఆ శీర్షిక పెట్టగలడు. కీవర్డుకూ ఆకర్షణకూ మధ్య సమతూకం సాధించడం మహా కష్టమని ఎవరైనా నిట్టూరిస్తే, ఆయన చేతిలో జవాబు లేదని అర్థం చేసుకోవచ్చు.

పాత పత్రికలు మడి కట్టుకుని కూర్చున్నాయని కాదు. ప్రాసల కోసం, శ్లేషల కోసం సబ్ ఎడిటర్లు ప్రాణం పెట్టేవారు. అదీ అమ్ముకోవడానికే. సాయంకాలపు పత్రికల బ్యానర్లలో హత్యలూ అక్రమ సంబంధాలూ ఎర్రటి అక్షరాల్లో వెలిగేవి. కానీ ఆ బ్యానర్ కింద ఏదో ఒక హత్య తప్పకుండా ఉండేది. కిళ్లీకొట్టు దగ్గర పేపరు కొన్నవాడికి శవం దొరక్కపోతే మర్నాడు కొనడు. ఇప్పుడా బాధ లేదు. మోసపోయిన పాఠకుడు మర్నాడు రాకపోయినా పర్వాలేదు, గూగుల్ ఇంకో పదివేల మంది కొత్తవాళ్లను తెచ్చి పడేస్తుంది.

పడేసేది, అనాలి. 2024లో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు మొదలుపెట్టింది. ఆ ఆగస్టులో మన దేశానికీ తెచ్చింది. ప్రశ్న కొడితే లింకుల కన్నా ముందు జవాబే పైన కనిపిస్తోంది, లింకు నొక్కే అవసరం తగ్గింది. ఇప్పుడు గురువులు కొత్త కోర్సు తెరిచారు. ఏఐ మన ఆర్టికల్‌ను ఎంచుకోవాలంటే విషయాన్ని మొదటి పేరాలోనే, సూటిగా, స్పష్టంగా చెప్పాలట! ఇది కనిపెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. మనిషి అడిగినప్పుడు వినిపించని మాట యంత్రం అడగ్గానే వినిపించింది. దీనికి ఫీజు వేరే.

సైట్ల యజమానులేమో మా కంటెంట్‌ను దోచుకుంటున్నారని గుండెలు బాదుకుంటున్నారు. బంగారం ధర విషయంలో యంత్రం చేసిన దోపిడీ ఏమిటి? నాలుగో పేరాలో దాచిన అంకెను తీసి పైన పెట్టింది. ఆ శోకానికి నా దగ్గర కన్నీళ్లు లేవు. కానీ కలెక్టరేట్ వరండాలో తడుస్తూ నిలబడి ఆర్డర్ కాపీ సంపాదించిన జిల్లా విలేకరి ఒకడున్నాడు. అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులిచ్చే లైన్ అకౌంట్ మీద బతికే మనిషి. దోపిడీ అనే మాట అతనికి న్యాయంగా చెల్లుతుంది, ఎందుకంటే ఆ జవాబు అతను తెచ్చింది. యంత్రం అతని పేరు చెప్పదు. సొంత డెస్క్ కూడా చెప్పదు. అతను పంపింది మూడు లైన్లు: ఫలానా జిల్లా, ఫలానా తేదీ, కలెక్టర్ ఉత్తర్వు. వెబ్ డెస్కులో అది 'విద్యార్థులకు ఎగిరి గంతేసే వార్త.. ఆ జిల్లాలో రేపు..' అయి బయటికొస్తుంది. ఏ జిల్లానో లోపలికి వెళ్లి వెతుక్కోవాలి.